మళ్ళీ పుట్టేవాళ్లకు కర్నూలు నుంచి కొన్ని సూచనలు

పోయిన ఆదివారం మా ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కుక్క సినిమా చూశాం. తిట్టడం లేదు, నిజంగానే అందులో హీరో కుక్క. పేరు 'ఫ్లూక్'. 1995లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. జేమ్స్ హెర్బర్ట్ 1977లో రాసిన నవల దానికి మూలం. అమెరికాలో ఒకాయన పొద్దస్తమానం వ్యాపారం, ఆఫీసు అంటూ తిరిగి తిరిగి, కారు ప్రమాదంలో పోయి కుక్కపిల్లగా పుడతాడు. పెరిగే కొద్దీ పాత జన్మ ముక్కలు ముక్కలుగా గుర్తుకొస్తుంది. పెళ్లాం, కొడుకు ఉండే ఇల్లు వెతుక్కుంటూ పోతాడు. తన చావుకు వ్యాపారంలో భాగస్తుడే కారణమని అతని అనుమానం. తీరా చూస్తే తప్పు తనదేనని తేలుతుంది. అతనికి లోకం తీరు నేర్పిన ఇంకో కుక్క మధ్యలో చచ్చిపోయి, ఆఖర్న ఉడుతగా వచ్చి పలకరిస్తుంది.

మా మనవడు వెక్కి వెక్కి ఏడ్చాడు. కోడలు కళ్లు తుడుచుకుంది. మావాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "బాగుంది కదా" అన్నాడు. మా ఆవిడ మాత్రం సినిమా అంతా ఒకే సందేహంతో చూసింది. "బురద కాళ్లతో కుక్క నట్టింట్లోకి వస్తాంటే ఆ యమ్మ ఒక్క మాటన్నా అనదేమి?" ఉడుత వచ్చినప్పుడు రెండో సందేహం వచ్చింది. "ఇది మన పెరట్లోదాని మాదిరే ఉంది. జామకాయ ఒక్కటి మిగలనీదు."

నేను ఏడవలేదు. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు కొలువులో ఫైళ్ల మీద నోట్లు రాసినవాణ్ని. ఏది చూసినా దాని విధివిధానాలేమిటన్న ఆలోచనే ముందొస్తుంది. మనిషి పోయి జంతువై ఇంటికి తిరిగొస్తే గుర్తింపు ఎట్లా? అర్జీ ఎవరికి పెట్టుకోవాలి? ఏ జంతువన్నది ఎవరు నిర్ణయిస్తారు? పునర్జన్మ మీద ఇంత నమ్మకమున్న దేశంలో ఇన్ని వేల ఏళ్లుగా దానికొక జీవో లేకపోవడం నన్ను కలవరపెట్టింది. అందుకే ఈ వ్యాసం.

ఈ విషయం మీద మాట్లాడే హక్కు కర్నూలుకు మిగతా ఊళ్లకంటే ఎక్కువ ఉంది. 1953 అక్టోబరు 1న మా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా పుట్టింది. 1956 నవంబరు 1న, మూడేళ్లు నిండి నెల దాటగానే, రాజధానిగా కన్నుమూసింది. మరునాడే జిల్లా కేంద్రంగా మళ్ళీ పుట్టింది. పాత జన్మ గుర్తున్న ఊరు మాది. టీకొట్టు దగ్గర ఎవర్ని కదిలించినా "ఒకప్పుడు మాది రాజధాని" అంటాడు, ఆ 'ఒకప్పుడు' అనేటప్పుడు వాడి కళ్లు అచ్చం సినిమాలో కుక్క కళ్లలాగే ఉంటాయి. 2020లో న్యాయ రాజధానిగా మరో జన్మ ఖాయమన్నారు. నొప్పులు కూడా మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. ముందురోజు రాత్రి కర్నూలు జిల్లాలో పడుకున్న యాగంటి బసవన్న, తెల్లారేసరికి పక్క జిల్లాలో లేచాడు. ఇన్ని జన్మలు చూసినవాళ్లం, కుక్క జన్మ గురించి నాలుగు మాటలు చెప్పలేమా?

ముందు శాస్త్రం చూద్దాం. భాగవతం పంచమ స్కంధంలో భరతుడనే రాజున్నాడు. (ఆ స్కంధం తెలిగించింది పోతన గారు కాదు, గంగన గారు. మనవాళ్లు భాగవతంలో ఏ పద్యం కనబడినా పోతన ఖాతాలోనే జమ వేస్తారు.) రాజ్యం కొడుకులకు పంచిచ్చి అడవికి పోయాడు. అక్కడ తల్లిలేని జింకపిల్లను చేరదీసి, దాని ధ్యాసలోనే ప్రాణం వదిలి, జింకగా పుట్టాడు. పాత జన్మంతా గుర్తుంది. అయినా ఇంటికి పోలేదు! ఆ పాత ఆశ్రమానికే పోయి, ఎండుటాకులు తింటూ, ఎవరి జోలికీ పోకుండా పొద్దు గడిపాడు. అమెరికా కుక్కకు లేని జ్ఞానం అది. తానే రాజ్యం రాసిచ్చిన కొడుకుల గుమ్మం ముందుకు జింకగా పోయి నిలబడితే ఏమవుతుందో ఆ తండ్రికి తెలుసు. రాజులకు వేట సరదా.

గజేంద్రుడి సంగతి ఇంకా ముఖ్యం, ముఖ్యంగా ఉద్యోగులకు. ఆయన పోయిన జన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు. అగస్త్యుడు వచ్చినప్పుడు ధ్యానంలో ఉండి లేచి నిలబడలేదు. అంతే, ఏనుగైపోయాడు. షోకాజ్ నోటీసు లేదు, సంజాయిషీ లేదు. జిల్లా అధికారి తనిఖీకి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేవడం ఆలస్యమైన గుమాస్తాను అడిగితే ఈ పద్యాల లోతు చెబుతాడు. ఇక ఆయన కాలు పట్టుకున్న మొసలి, హూహూ అనే గంధర్వుడు. నీళ్లలో ఆడుతూ దేవల ముని కాలు లాగినందుకు ఆ శిక్ష. నా సర్వీసులో ఒకరి కాళ్లు ఒకరు లాగినవాళ్లందరికీ ఇదే శిక్ష అమలు చేసుంటే తుంగభద్రలో నీళ్లకు చోటుండేది కాదు.

తెలుగు సినిమావాళ్లూ ఈ పని చేశారు. 2012లో రాజమౌళి 'ఈగ' వచ్చింది. చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి హీరో ఈగై పుడతాడు. అది మాకు సులువుగా అర్థమయ్యే కథ. సీమవాళ్లంటే పగలేనని మా కొండారెడ్డి బురుజు ముందర సుమోలు, కొడవళ్లు పెట్టి ఏళ్ల తరబడి చూపించారు కదా. అమెరికా కుక్క చూడండి, చంపినవాడెవడో తెలుసుకోవడానికని బయలుదేరి, 'తప్పు నాదే' అని వెనక్కి తిరుగుతుంది. ఆ కథే కర్నూల్లో తీసుంటే ఇంటర్వెల్‌కు ముందే కుక్క తరఫున ముప్పై కుక్కలు దిగేవి.

శాస్త్రం అయింది. ఇప్పుడు ఆచరణ. నేనే పోయి కుక్కగా పుట్టాననుకోండి.

ఊరి ఆ చివర ఏ కల్యాణమండపం వెనకో పుడతాను. మా వీధికి చేరాలంటే ఐదారు వీధులు దాటాలి. ఒక్కో వీధికి ఒక్కో కుక్కల గుంపు, వాటి సరిహద్దులు సర్వే నంబర్లకంటే గట్టివి. అది దాటితే మున్సిపాలిటీ బండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుకోసం చెవి కొస కత్తిరించి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. మా తరంలో పిల్లలు చాలనుకున్నప్పుడు ఆపరేషన్ ఆడవాళ్లకే చేయించేవాళ్లం. మా ఇంట్లోనూ అంతే. నాకు ఆఫీసులో మార్చి నెలాఖరు పని ఉండింది. ఆ బాకీ వచ్చే జన్మలో చెవి కొసతో సహా వసూలవుతుందని చెబితే మా ఆవిడ సినిమా మొత్తంలో మొదటిసారి నవ్వింది.

సరే, చెవి పోగొట్టుకుని ఇంటి ముందుకు వచ్చాను. మా గేటుకు నీలిమందు కలిపిన నీళ్ల సీసా వేలాడుతుంటుంది. అది చూస్తే కుక్కలు రావని మా వీధిలో నమ్మకం. ఇప్పుడున్న కుక్కలు దాని కిందనే కాలెత్తి పోతున్నాయి, అది వేరే మాట. ఆ సీసా కట్టింది నేనే. అడుగు భాగాన ఒక బొట్టు కారుతుంటే ఎంసీల్ పెట్టి మరీ కట్టాను. పక్కనే 'కుక్కలున్నవి జాగ్రత్త' అని బోర్డు. మా ఇంట్లో కుక్క లేదు, ఎప్పుడూ లేదు. ఆ బోర్డు రాయించిందీ నేనే. అంటే నేను తిరిగొచ్చే దారిలో అడ్డుగా ఉన్నవన్నీ నా చేతులతో నేను కట్టినవే. ఇంగ్లీషు సినిమా తీసినాయనకు ఈ సీసా సంగతి తెలిసుంటే గంటన్నర కథ గేటు దగ్గరే అయిపోయేది.

గేటు కూడా దాటాననుకుందాం. నేనే నేనని రుజువు? పింఛను తీసుకునేవాళ్లం ఏడాదికోసారి పోయి, బతికే ఉన్నామని వేలు పెట్టి నిరూపించుకోవాలి. పోయినసారి మూడుసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు. అక్కడి పిల్లోడు మర్యాదస్తుడు. "సార్, మీరు ఉన్నట్టు చూపించడం లేదు. చెయ్యి కడుక్కోని రాండి" అన్నాడు. కడుక్కుని వచ్చాను. అయినా లేను. ప్యాంటుకు తుడిచాను, తలకు రాసి నూనె అంటించాను. లేను. చివరికి ఎడమచేతి ఉంగరం వేలితో ఉన్నానని తేలింది. మనిషి వేలికే ఇంత టెన్షన్ అయితే కుక్క పంజా ఏం పడుతుంది?

ఇంట్లోవాళ్లు మిషన్ కాదు కదా, కళ్లలోకి చూసి కనిపెడతారు అని మీరనవచ్చు. అదే సినిమా నమ్మకం. నేను ఈ విషయంలో ఊహలకు పోకుండా మా ఇంట్లోనే విచారణ చేశాను. మావాణ్ని అడిగాను, "ఒరే, ఒక కుక్క వచ్చి నీ కాళ్ల దగ్గర కూర్చుని నన్ను మాదిరే చూస్తాంది. ఏం చేస్తావు?" మావాడు ఈసారి ఫోన్ పక్కన పెట్టాడు. కాసేపు నిజంగానే ఆలోచించి, "నువ్వే అయితే ఆ డిపాజిట్ బాండ్లు యాడ పెట్టినావో మూతితో చూపీమంటా నాయనా" అన్నాడు. కోడలు, "టీకాలు వేయించినారో లేదో చూసుకోవల్ల కదా మామయ్యా, పిల్లోడుంటాడు" అంది. న్యాయమే. మనవడొక్కడే "తాతా, నువ్వు కుక్కైతే మనం తొలకరికి జొన్నగిరి పోదాం. వాసన పట్టి వజ్రం తీద్దువుగాని" అన్నాడు. నా వచ్చే జన్మ మీద ఇంట్లో ఎవరికైనా ఆశలున్నాయంటే వాడికే.

కాబట్టి కుక్క లాభం లేదు. మిగతా పోస్టులు చూశాను. బండలాగుడు ఎద్దుగా పుడితే ఉలవల దాణా, ఫ్లెక్సీ మీద ఫోటో, గెలిస్తే ఊరేగింపు ఉంటాయి. కానీ రిటైరయ్యాక మళ్ళీ బండ లాగే ఓపిక లేదు. గాడిదకు ఏడాదికొకసారి గౌరవం దొరుకుతుంది, కల్లూరు చౌడేశ్వరమ్మ గుడి దగ్గర ఉగాది ఉత్సవాల్లో, అదీ బురదలో ప్రదక్షిణ. తేలుగా పుట్టేవాళ్లు శ్రావణ మాసం మూడో సోమవారం నాడు మాత్రం కోడుమూరు వైపు ఉండొద్దు. ఆరోజు కొండ మీద భక్తులు రాళ్లు ఎత్తి మరీ తేళ్లను పట్టి స్వామికి సమర్పిస్తారు.

బాకీలున్నవాళ్లకు మాత్రం ఒక మంచి జన్మ ఉంది. కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర కనబడింది, ఆ తర్వాత 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో దొరికేదాకా మనిషి కంటబడలేదు. ఎనభై ఆరేళ్లు! రాత్రిపూటే తిరుగుతుంది, కంపల్లో దాక్కుంటుంది, పిలిస్తే పలకదు. ప్రైవేటు ఫైనాన్సువాడు ఎన్నిసార్లు వచ్చిపోయినా ఏం చేస్తాడు? పైగా దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. మా పెదనాయన కొడుకు తన చేనులోంచి పోయే కాలువను గట్టున రెండు గజాలు జరపమని పదకొండు అర్జీలు పెట్టుకున్నాడు. జరగలేదు. మనిషికి జరగని కాలువ పక్షికి జరిగింది. ఇది చదివినాక మా అన్న వచ్చే జన్మకు ఇప్పుడే పేరు రాయించుకుంటాడు.

ఇంతదాకా వచ్చాక నాకు తట్టింది. నేను వెతుకుతున్న విధానం మనకు ఎప్పట్నుంచో ఉంది. టికెట్టు లేకుండా ఆడుతున్న కుటుంబ కథాచిత్రం, అందులో హీరో కాకి.

ఉత్తరకాండలో ఉంది ఈ సంగతి. మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుండగా రావణుడు వచ్చి పడ్డాడు. దేవతలంతా జడుసుకుని జంతువుల రూపంలో దాక్కున్నారు. ఇంద్రుడు నెమలైతే, కుబేరుడు తొండ, వరుణుడు హంస. యముడు కాకి. గండం గడిచాక, తన రూపం కాపాడిన కాకికి యముడు వరమిచ్చాడు: నీ కడుపు నిండితే నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్ల కడుపు నిండుతుంది అని. చావు శాఖ మంత్రే దాక్కోవడానికి కాకిని ఎన్నుకున్నాడంటే ఆ పోస్టు విలువ తెలుస్తుంది. ఆ వరం కింద మనం పెద్దలకు పెట్టే ముద్ద ముందు కాకికి పెడతాం.

మా నాయన పోయినప్పుడు పదకొండో రోజున తుంగభద్ర ఒడ్డుకు పోయాం. ఎండాకాలం. నది పేరుకు మాత్రమే ఉంది. ఇసుకలో విస్తరి వేసి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు, జొన్న రొట్టె, వంకాయ, గ్లాసులో కాఫీ, ఒక బీడీ కట్ట. బీడీలు చూస్తే బతికుండగా మా అమ్మ పీకి పారేసేది. ఆరోజు తనే దువ్వి పెట్టినట్టు సర్ది పెట్టింది. అందరం పది అడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాం.

కాకి వచ్చింది. కంపచెట్టు మీద కూర్చుంది. విస్తరి వైపు చూసింది, మా వైపు చూసింది. దిగలేదు.

పావుగంట. పిల్లలకు ఆకలి. కాళ్ల కింద ఇసుక కాలుతోంది. మా మేనత్త మొదలుపెట్టింది. "వాని మనసులో ఏందో ఉండాది. అడగండి రా." మా పెద్దన్న ముందుకొచ్చి, కాకికి నమస్కారం చేసి, "నాయనా, చెల్లెలికి చెప్పిన తులం బంగారం దసరాకు ఇస్తాం. ముట్టు" అన్నాడు. కాకి తల అటు తిప్పింది. "అమ్మను బాగా చూసుకుంటాం." ముక్కు కొమ్మకు రాసి తుడుచుకుంది. "బోరు మోటారు తమ్మునికే." అది విని నేను ఉలిక్కిపడ్డాను, కాకి కూడా ఒక అడుగు పక్కకు జరిగింది. అందరూ "ఆ, మోటారే, మోటారే" అన్నారు. కానీ దిగలేదు. మా బావ గొంతు సవరించుకుని "ఆ దక్షిణం వైపు స్థలం సంగతి..." అని మొదలుపెట్టేసరికి మా వదిన వైపు నుంచి పెద్ద దగ్గు వచ్చింది.

అప్పుడు మా అమ్మ అంది, చిన్నగా, "మంచం బిగిస్తారులే. రా."

మా నాయనకొక నవారు మంచం ఉండేది. నడుమ సాగి ఊయలలాగా అయిపోయింది. పోయే ముందు రెండేళ్లు ఆయన అడిగింది ఒక్కటే, "ఆ మంచం కొంచెం బిగించండి రా, నడుము పట్టేస్తాంది." బిగించడమంటే గంట పని. పెద్దన్న చిన్నన్నకు చెప్పాడు, చిన్నన్న నాకు చెప్పాడు, నేను ఆదివారం చూద్దామన్నాను. అదే మాట నూటికి పైగా ఆదివారాలు అన్నాను. ఆదివారాలు ఆఫీసు లేదన్న మాటేగానీ ఫైళ్లు ఇంటికి వచ్చేవి.

కాకి దిగింది. మంచం మాట విని దిగిందా, బజ్జీల వాసనకు దిగిందా అన్నది నేను తేల్చను. బజ్జీ ఒకటి ముక్కున కరుచుకుని పోయింది. ముద్ద ముట్టలేదు, రొట్టె ముట్టలేదు. అయ్యవారు "ముట్టింది, ముట్టింది" అని గట్టిగా చెప్పి, గడియారం చూసుకున్నాడు. మేమంతా కళ్లు తుడుచుకుని భోజనాలకు పోయాం.

మోటారు మా పెద్దన్న చేనులోనే ఉంది. కాకికి చెప్పిన మాట రిజిస్ట్రారాఫీసులో చెల్లదని ఆయన వాదన. మంచం మాత్రం బిగించాం. శయ్యాదానం చేయాలన్నారు. ముగ్గురన్నదమ్ములం కూర్చుని కొత్త నవారు అల్లాం, వేలితో కొడితే డప్పు మాదిరి మోగింది. పరుపు, దిండు, దుప్పటి, గొడుగు పెట్టి అయ్యవారికి దానమిచ్చాం. ఆయన ఆటో మీద కట్టుకుని పోయాడు. నాలుగు కాళ్లు ఆకాశంలోకి పెట్టుకుని ఆ మంచం మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం.

కనుక సర్కారువారికి నా సిఫార్సు ఇది. వచ్చే జన్మ కుక్కకు పెట్టకుండా కాకికే ఖరారు చేయాలి. కుక్కగా వస్తే గేటు దగ్గర సీసా, కాకిగా వస్తే విస్తరి. కుక్క కళ్లలోకి చూసి ఎవరూ ఏం కావాలని అడగరు. కాకి తల తిప్పితే చాలు, మోటార్లు, స్థలాలు, తులాలు వాటంతటవే బయటికొస్తాయి. ఒక్క చిక్కు మాత్రం పరిష్కరించాలి. యాగంటిలో కాకులు ఉండవు. తపస్సుకు అడ్డు తగిలాయని అగస్త్యుడు అక్కడి కాకులను శపించాడని స్థలపురాణం. చూశారా, అక్కడా ఆయనే! ఒకచోట లేవలేదని రాజును ఏనుగు చేశాడు, ఇంకోచోట అరిచాయని ఒక జాతినే ఊరొదిలిపొమ్మన్నాడు. ఆ చుట్టుపక్కల వాళ్ల పెద్దలు ఏ రూపంలో వచ్చి ఏ చెట్టు మీద కూర్చుంటున్నారో, వాళ్లకు మోటారు ఎవరు ఇస్తామంటున్నారో నంద్యాల జిల్లా యంత్రాంగం విచారించాలి. మేం చేద్దామంటే అది ఇప్పుడు మా జిల్లా కాదు.

ఈ నోటు రాసి ముగించింది ఈ పొద్దున. వరండాలో కూర్చుని రెండో టీ అడిగి అప్పటికి అరగంట. లోపల్నించి జవాబు లేదు. పిట్టగోడ మీద రోజూ వచ్చే కాకి వాలింది. మా ఆవిడ గరిటె పక్కన పెట్టి, రొట్టె తునకలు చేసుకుని, చెంగు సర్దుకుని బయటికొచ్చింది. గోడ మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, "ఏం మామా, ఈరోజు రొట్టె మెత్తగానే కాల్చినా. పండ్లకు ఇబ్బంది లేదులే. తిను" అంది. మా నాయన బతికుండగా ఆయన ముందు నోరు విప్పి ఇన్ని మాటలు మాట్లాడిన మనిషి కాదు.

నేను కాసేపు చూశాను. తర్వాత గొంతు సవరించుకుని, "కావ్" అన్నాను.

మనవడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అవ్వా! తాత కాకి అయిపోయినాడు!"

ఆమె వెనక్కి తిరగలేదు. "అయితే గోడ మీదికి ఎక్కమను" అంది.